పదిహేడు గంటల పాతిక నిమిషాలు

ఆ వీధిలో టైలర్లు ముగ్గురున్నా టైము మాస్టారు మాత్రం ఒక్కరే. బట్టలు ఎప్పుడిస్తారని అడిగితే మిగతా ఇద్దరూ "వచ్చే వారం రండి" అంటారు. వచ్చే వారం వెళ్తే గుండీలు కుట్టడం మిగిలిపోయిందంటారు. టైము మాస్టారు అలా కాదు. కొలతలు తీసుకోగానే చెవి మీది పెన్సిలు అందుకుని, అరచేయంత చీటీ మీద వస్తువు పేరు, ఇచ్చే రోజు, ఇచ్చే గంట, చివరికి నిమిషాలు కూడా రాస్తారు. కింద రెండు గీతలు గీసి వీధిలోకి కనబడే బోర్డుకు గుండుసూదితో గుచ్చుతారు. ముప్ఫై నాలుగేళ్ళలో ఒక్క చీటీ తప్పలేదు. ఒకసారి జ్వరంతో ఒళ్ళు కాలిపోతుంటే భార్య చేత మిషను తొక్కించి, తాను మంచం మీంచి మాటసాయం చేసి మరీ ఒక పెళ్ళి కోటు టైముకిచ్చారు. ఈ సంగతి ఆయన అందరికీ చెప్పుకుని తిరిగే మనిషి కాదు. కనీసం ఒకే మనిషికి మూడుసార్లు చెప్పరు.

అలాంటి బోర్డు మీద ఆ రోజు పొద్దున్నే, రెండు చొక్కాలకూ ఒక లంగాకూ మధ్యన, కొత్త చీటీ ఒకటి వేలాడింది.

"వస్తువు: విమానం. ఇచ్చే వేళ: రేపు ఉదయం 9 గం. 05 ని."

పక్క షాపు సెలూనాయన సబ్బు నురగ కారుతున్న బ్రష్షుతోనే వచ్చి చదివాడు. చదివి మాస్టారి మొహంలోకి అనుమానంగా చూశాడు.

"మాస్టారూ, ఒంట్లో బాగానే ఉందా?"

"నాకేమయ్యా, భేషుగ్గా ఉన్నాను. ఇవాళ మధ్యాహ్నం మూడు నలభైకి ఇక్కడ లేస్తుంది. రేపు తొమ్మిదీ అయిదుకి అక్కడ వాలుతుంది. పదిహేడు గంటల పాతిక నిమిషాలు. మధ్యలో ఎక్కడా ఆగదు. మా అమ్మాయి లెక్క!"

మాస్టారి కూతురు ఊరి చివరి విమానాశ్రయంలో డిస్పాచరు. విమానం నడిపేది పైలటే కానీ, అది ఏ దారిన పోవాలో, ఎంత ఎత్తున ఎగరాలో, ఎంత ఇంధనం పోసుకోవాలో, ఎన్ని గంటలకు చేరాలో నేల మీద కూర్చుని లెక్కకట్టేది డిస్పాచరు. ఆ లెక్కల కాగితం మీద ఇద్దరి సంతకాలూ ఉండాలి. ఏ ఒక్కటి లేకపోయినా విమానం కదలదు. ఈ రెండు సంతకాల సంగతి తెలిసిన రోజున మాస్టారి కాళ్ళు నేల మీద ఆనలేదు. "పైలటొక్కడుంటే చాలదండోయ్" అంటూ కొలతలకొచ్చిన ప్రతివాడికీ చేతులు చాపించి మరీ చెప్పారు. నడుముకు టేపు చుట్టి ఉన్న మనిషి వినకుండా ఎక్కడికి పోతాడు?

చిన్నప్పుడు మెడలో టేపు వేసుకుని షాపంతా తిరిగేది కాబట్టి ఆ పిల్లను వీధివాళ్ళు ఇప్పటికీ టేపమ్మాయి అనే పిలుస్తారు. ఇప్పుడు టేపమ్మాయి పట్టుకున్న కొలత మామూలుది కాదు. ఆ దూరపు ఊరికి ఇన్నాళ్ళూ విమానాలు మధ్యలో ఒక ఊళ్ళో దిగి, ఇంధనం పోసుకుని, మళ్ళీ లేచి ఇరవై ఒక్క గంటలకు చేరేవి. ఆగకుండా పోవచ్చని ఎనిమిది నెలలపాటు లెక్కలు కట్టి తేల్చింది ఈ పిల్ల. పై ఆఫీసరు చాలాకాలం పెదవి విరిచి, చివరికి ఒక్క మాట చెప్పాడు. "ఒక్కసారి పంపిద్దాం, నీ సంతకంతోనే. మధ్య ఊళ్ళో దిగాల్సొచ్చిందా, ఈ మాట మళ్ళీ ఎత్తకూడదు. నువ్వు సామాన్ల బరువులు చూసే పాత బల్లకి వెళ్ళిపోవాలి." ఆ ఒక్కసారి ఈ రోజే.

పొద్దున్న ఇంట్లో టిఫిను దగ్గర మాస్టారు ఉండబట్టలేక అడిగారు. "అయినా తల్లీ, ఇంకో నాలుగు డబ్బాలు ఎక్కువ పోసి పంపిస్తే ఏ గొడవా ఉండదు కదా?"

"పోసిందానికీ బరువుంటుంది నాన్నా. ఆ బరువు మొయ్యడానికి మళ్ళీ ఇంధనం కావాలి. పోసినకొద్దీ తాగుతుంది."

మాస్టారు ఒక్క క్షణం ఆలోచించారు. "అంటే కుట్టు లోపల వదిలే బట్టలాగన్నమాట. తక్కువైతే పిగిలిపోతుంది, ఎక్కువైతే కోటు ఉబ్బుతుంది."

"అంతే! మా ఆఫీసరుకి ఇది ఎక్కించడానికి నాకు నెల పట్టింది."

ఆ మాటతో మాస్టారికి కడుపు నిండిపోయింది. ప్లేటు సగంలో వదిలేసి లేవబోతే భార్య భుజం పట్టి కూర్చోబెట్టింది. "ఆఫీసర్లకంటే తెలివైనవాళ్ళు కూడా తినాలి. కూర్చోండి."

"సరే గానీ, టైమెంత రాయమంటావు?"

"రాయడమేంటి?" అంది కూతురు.

"ఊరికే అడుగుతున్నాలే."

"పదిహేడు గంటల పాతిక నిమిషాలు. బోర్డు మీద మాత్రం పెట్టకు నాన్నా, నీ కాళ్ళకి దండం పెడతాను. గాలి నా చేతిలో లేదు."

"ఛ ఛ, నేనెందుకు పెడతాను?" అన్నారు మాస్టారు. అప్పటికే ఆయన చెయ్యి చెవి మీది పెన్సిలు కోసం వెతుకుతోంది.

పదకొండింటికల్లా షాపులో చిన్న సభ తయారైంది. రిటైరైన పోస్టుమాన్ ఎప్పటిలాగే తలుపు పక్క స్టూలు మీద కూర్చున్నాడు. ఆయన్ని మాస్టారు పోస్టన్నా అంటారు. ముప్ఫై ఏళ్ళు ఎడమ భుజానికి సంచీ మోసిన మనిషి కావడంతో ఆ భుజం కాస్త కిందికి జారి ఉంటుంది. ఒంటి మీద పదిహేనేళ్ళనాటి బూడిదరంగు కోటు. ఎంత ఇస్త్రీ చేసినా దాని ఎడమ చంక దగ్గర ఒక ముడత పోనే పోదు.

సెలూనాయన తన గోడ మీది ప్రపంచపటం క్యాలెండరు ఊడబెరికి తెచ్చి కత్తిరించే బల్ల మీద పరిచాడు. రెండూళ్ళకూ మధ్య దువ్వెన ఆనించి, "ఇదిగో, తిన్నగా సముద్రం మీంచి పోవాలి" అన్నాడు.

మాస్టారు నవ్వారు. అలా నవ్వే అవకాశం కోసం ఆయన మూడు రోజులుగా కాచుకుని ఉన్నారు. అల్మారా పైనుంచి కూతురికి బళ్ళో బహుమతిగా వచ్చిన గ్లోబు దించారు. దాని కాలు ఎప్పుడో విరిగిపోతే దారాల డబ్బా మూతలో కూర్చోబెట్టారు.

"నీ పటం పరిచిన బట్టయ్యా. భూమేమో గుండ్రం. బల్ల మీద తిన్నగా గీసిన గీత, భుజం మీద వేశాక కూడా తిన్నగా ఉంటుందా? ఇలా చూడు."

మెడలోంచి టేపు తీసి, ఈ ఊరి మీద ఒక బొటనవేలు, ఆ ఊరి మీద ఒక బొటనవేలు నొక్కి బిగించి లాగారు. టేపు దానంతటదే జారి, సముద్రాన్ని వదిలి, పైన తెల్లరంగు వేసిన మంచు ప్రాంతం మీదికి ఎక్కి కూర్చుంది.

"పద్నాలుగంగుళాల మీద ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. అంగుళానికి వెయ్యిన్నీ అరవై కిలోమీటర్ల చొప్పున వేసుకో, పదిహేను వేలకి కాస్త తక్కువ. ఇంతకంటే దగ్గరి దారి ఈ భూమ్మీద లేదు." అని సుద్దముక్కతో టేపు పక్కనే గ్లోబు మీద గీత గీసేశారు. "విమానం ఈ గీత మీదే పోతుంది. రాసి పెట్టుకో."

సెలూనాయన ఫోను తీసి ఏదో వెతికి, ఉన్నట్టుండి గట్టిగా అరిచాడు. "మాస్టారూ, కొంప మునిగింది! ఇక్కడ మూడు నలభైకి బయలుదేరి ఇవాళే ఎనిమిదీ అయిదుకి చేరుతుందని ఉంది. అంటే నాలుగు గంటల పాతిక నిమిషాలేగా! మీరు పదమూడు గంటలు ఎక్కువ చెప్పారు!"

మాస్టారు నోరు తెరిచేలోపు పోస్టుమాన్ అందుకున్నాడు. "ఎనిమిదంటే అక్కడి గడియారంలో. వాళ్ళది మనకంటే పదమూడు గంటలు వెనక."

"అయితే ఇప్పుడక్కడ?"

"ఇంకా నిన్న రాత్రే."

"పాపం" అన్నాడు సెలూనాయన మనస్ఫూర్తిగా.

మూడు గంటల నలభై రెండు నిమిషాలకు విమానం లేచింది. రెండు నిమిషాల ఆలస్యాన్ని మాస్టారు పెద్దమనసుతో క్షమించారు. సెలూనాయన ఫోను పెద్దది కాబట్టి దాన్నే ఇస్త్రీపెట్టెకు ఆనించి పెట్టారు. తెర మీద పసుపు రంగు బుల్లి విమానం బుద్ధిగా సుద్దగీత దారినే పాకింది. మాస్టారు ఒక కాజా కుట్టడం, ఒకసారి తెర చూడడం, ఒకసారి గ్లోబు చూడడం. వచ్చినవాళ్ళందరికీ మొదటినుంచీ చెప్పుకొచ్చారు. పళ్ళకొట్టావిడ రెండుసార్లు వినేసి, మూడోసారి వేరే దారిన ఇంటికెళ్ళింది.

ఆరున్నరకి సెలూనాయన తెర దగ్గరికి వంగాడు. "మాస్టారూ, ఇది పక్కకి పోతున్నట్టుందే?"

"కళ్ళద్దాలు పెట్టుకో."

పెట్టుకున్నాడు. ఏడింటికల్లా ఇంకెవరికీ అద్దాలు అవసరం లేకపోయింది. విమానం గీతను వదిలేసి కిందికి వంగింది. మాస్టారు తెర చూసి గ్లోబు మీద వేలు పెట్టి కొలిచారు. అరంగుళం తేడా. ఆ అరంగుళం ఎటువైపో చూశారు. మధ్యలో దిగే ఊరు సరిగ్గా అటువైపే ఉంది.

భార్య టీ తెచ్చి, మొహాలు చూసి, గ్లాసులు బల్ల మీద పెట్టి అక్కడే నిలబడిపోయింది.

"అమ్మాయికి ఫోను చెయ్యండి" అంది.

"ఎక్కడ చేస్తాం? ఆ గదిలోకి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరుగా. పని అయ్యేదాకా బయట పెట్టెలోనే."

సెలూనాయన మంచివాడు. వీధిలో ఎవరి పరువు పోయినా తన గడ్డమే తెగినట్టు బాధపడతాడు. "మాస్టారూ, ఒక మాట చెప్తాను, కోప్పడకండి. ఆ చీటీ తీసేయండి. లేదంటే ఇంకో నాలుగు గంటలు కలిపి మార్చి రాయండి. పొద్దున్నకి ఎవరికీ గుర్తుండదు. ముప్ఫై నాలుగేళ్ళ పేరండీ మీది."

మాస్టారు లేచి బోర్డు దగ్గరికెళ్ళారు. పెన్సిలు చేతిలోకి వచ్చింది. తొమ్మిది అంకె మీద మొన పెట్టారు కూడా. తన పేరు పోతుందన్న భయం కొంచెమే. ఎనిమిది నెలలు నిద్ర మానుకున్న పిల్ల రేపు తల దించుకుని పాత బల్లకి వెళ్తుంటే చూడాలే అన్నది అంతకు నాలుగింతలు. ఏం పొరపాటు చేసిందో, ఎక్కడ తప్పిందో, తాను పక్కనుంటే సరిచేసేవాడినేమో అనిపించింది.

సరిచేసేవాడినేమో అనుకోగానే ఆయన తల తిప్పి పోస్టుమాన్ కోటు వైపు చూశారు.

పదిహేనేళ్ళ కిందట పోస్టుమాన్ రిటైరయ్యే రోజు కోసం కుట్టిన కోటది. అప్పుడు అమ్మాయికి పదహారేళ్ళు. మొదటిసారి కొలతలు తీసి, బట్ట మీద సుద్దతో గీసింది తనే. ఆ పిల్ల బడికెళ్ళాక మాస్టారు చూస్తే ఎడమ భుజం అరంగుళం కిందికి గీసి ఉంది. చిన్నపిల్ల, చెయ్యి జారింది అనుకున్నారు. ఆ గీత చెరిపేసి రెండు భుజాలూ సమంగా దిద్ది, కత్తెర వేసేశారు. కోటు చీటీలో రాసిన టైముకే అందింది. సన్మాన సభలో పోస్టుమాన్ ఆ కోటుతో లేచి నిలబడితే కాలరు ఒకవైపు తెరుచుకుంది, ఎడమ చంక కింద ముడత పడింది. వంకర మనిషికి వంకరగా గీసిందే సరైన గీత. మర్నాడు అమ్మాయి మెడలో టేపు తీసి మేకుకు తగిలించి, లెక్కల పరీక్ష ఉందని చెప్పి లోపలికెళ్ళింది. మళ్ళీ ఎప్పుడూ కత్తిరించే బల్ల దగ్గర కూర్చోలేదు. పిల్ల లెక్కల్లో పడిందని మాస్టారు పదిమందికీ గర్వంగానే చెప్పుకున్నారు, బల్ల దగ్గరికి ఎందుకు రాదో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

"పోస్టన్నా" అన్నారు బోర్డు దగ్గరి నుంచే. "ఆ కోటు తప్పు నాది. పిల్ల సరిగ్గానే గీసింది. నేను చెడగొట్టాను."

"తెలుసులే" అన్నాడు పోస్టుమాన్ టీ ఊదుకుంటూ. "కొలతలు తీసేటప్పుడు ఆ పిల్ల నన్ను సంచీ తగిలించుకుని నిలబడమంది. అలా అడిగిన పిల్ల భుజం మరిచిపోతుందా?"

"మరి ఇన్నేళ్ళూ ఏమీ అనలేదే?"

"టైముకిచ్చావుగా" అని నవ్వాడు.

మాస్టారు నవ్వలేదు. పెన్సిలు చెవి మీదికి తోసి, బల్ల దగ్గరికొచ్చి, బొటనవేలు నీళ్ళలో ముంచి గ్లోబు మీది సుద్దగీతను ఈ కొస నుంచి ఆ కొస దాకా చెరిపేశారు.

"ఇదేంటి మాస్టారూ!" అన్నాడు సెలూనాయన. "చీటీ తీయమంటే గీత తీసేశారు?"

"గీత నాదయ్యా. చీటీ మా అమ్మాయిది."

"మరి విమానం పక్కకి ఎందుకు పోతోందంటారు?"

"నాకు తెలీదు. మా అమ్మాయికి తెలుసు." అని చెప్పి లైటార్పి, షట్టరు దించారు. చీటీ బోర్డు మీదే ఉంది. ఇంటికెళ్ళాక మళ్ళీ ఫోను చూడనన్నారు. చూడలేదు కూడా. భార్య చూసి ఏమీ చెప్పకుండా పడుకుంది.

మర్నాడు ఎనిమిదిన్నరకి షాపు తెరిచేసరికి వీధిలో సగం అక్కడే ఉంది. పళ్ళకొట్టావిడ కూడా వచ్చింది. సెలూనాయన ఒక చెంప గీసి, ఒక చెంప నురగతో వదిలేసిన కుర్చీ మనిషిని వెంటబెట్టుకుని మరీ వచ్చాడు. అతని మొహం వెలిగిపోతోంది.

"మాస్టారూ, ఆగలేదండీ! ఆ మధ్య ఊరి పక్కనుంచే పోయింది కానీ దిగలేదు. అక్కడ్నుంచి ఎవరో వెనకనుంచి తోసినట్టు పరిగెత్తింది. ఇంకో అరగంటలో..."

మాస్టారు మిషను ముందు కూర్చుని ఉత్తి సూదికే దారం ఎక్కించసాగారు. మూడుసార్లు తప్పింది. గోడ గడియారం తొమ్మిది కొట్టింది. ఒకటి, రెండు, మూడు నిమిషాలు. తెర మీది బుల్లి విమానం ఆ ఊరి చుక్క మీద ఆగింది.

"తొమ్మిదీ నాలుగు!" అని సెలూనాయన ఎగిరి గంతేశాడు. "రెండు నిమిషాలు ఆలస్యంగా లేచి, ఒక నిమిషం ముందు దిగిందండీ!"

వీధి వీధంతా చప్పట్లు. నురగ మనిషి కూడా ఎందుకో తెలియకుండానే చప్పట్లు కొట్టాడు. మాస్టారు లేచి బోర్డు మీది చీటీ తీశారు. తీసిన చీటీని రోజూలాగా డబ్బాలో పడెయ్యలేదు. చొక్కా జేబులో, ఎడమవైపు పెట్టుకున్నారు. ఆయన కళ్ళు తుడుచుకోవడం భార్య చూసింది. చూసి, ఈసారి ఏ జోకూ వెయ్యలేదు.

పదకొండింటికి కూతురు నేరుగా షాపుకే వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, జుట్టు చెదిరిపోయింది, మొహంలో మాత్రం పట్టలేనంత వెలుగు. ఆఫీసరు అందరి ముందూ లేచి నిలబడి చెయ్యి కలిపాడట. వచ్చే నెల నుంచి వారానికి మూడుసార్లట. చెప్పేది చెప్పి బోర్డు వైపు చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"పెట్టావు కదూ?"

"పెట్టాను" అన్నారు మాస్టారు.

"నిన్న మధ్యాహ్నం కొత్త గాలుల రిపోర్టు వచ్చింది నాన్నా. తిన్నటి దారిలో ఎదురుగాలి. అలా పంపితే దూరం తక్కువే గానీ టైము పద్దెనిమిది దాటేది, ఇంధనం చాలేది కాదు. అందుకే దారి మార్చి గీశాను. రెండొందల కిలోమీటర్లు ఎక్కువ, టైము మాత్రం అదే. నువ్వు గ్లోబు మీద తిన్నగా గీసి కూర్చుంటావని తెలుసు. పక్కకి పోవడం చూసి చీటీ పీకేసి ఉంటావనుకున్నాను."

"పీకలేదే" అన్నాడు సెలూనాయన, ఆ సలహా ఇచ్చింది మరెవరో అన్నట్టు. "గ్లోబు మీద గీత చెరిపేశారు."

అమ్మాయి గ్లోబు వైపు చూసింది. తెల్లగా తడి ఆరిన మరక ఒక్కటే మిగిలి ఉంది. తండ్రి వైపు చూసింది. ఆయన అప్పటికే తలుపు దగ్గరికెళ్ళి, "పోస్టన్నా, ఆ కోటు విప్పు" అంటున్నారు.

కోటు తెచ్చి బల్ల మీద పరిచారు. మేకుకున్న పాత టేపు తీసి కూతురి మెడలో వేశారు. సుద్దముక్క చేతిలో పెట్టారు. అమ్మాయి ముందుకు వంగింది. కోటు ఎడమ భుజం మీద వేలితో ఒకసారి తడిమి, అరంగుళం కిందికి ఒకే ఒక్క గీత గీసింది. పదిహేనేళ్ళ కిందట గీసిందీ అక్కడే.

మాస్టారు చీటీ తీసుకుని "వస్తువు: కోటు" అని రాసి, కింద రెండు గీతలు గీసి అడిగారు. "టైమెంత రాయమంటావు తల్లీ?"

తలెత్తి చూస్తే కూతురు కోటు మీదే చెంప ఆనించి, సుద్దముక్క పిడికిట్లోనే పెట్టుకుని నిద్రపోయింది. పోస్టుమాన్ ఉత్తి చొక్కాతో స్టూలు మీద కూర్చుని, "నాకేం తొందర లేదు" అన్నట్టు చెయ్యూపాడు.

మాస్టారు ఫ్యాను ఆమె వైపు తిప్పి, చప్పుడు కాకుండా బోర్డు దగ్గరికెళ్ళి ఆ చీటీ గుచ్చారు. ముప్ఫై నాలుగేళ్ళలో టైము రాయని చీటీ ఆ బోర్డు మీదికి ఎక్కడం అదే మొదటిసారి. ఆ సాయంత్రం దాకా వీధిలో పోయే ప్రతివాడూ ఆగి, మాస్టారు టైము వెయ్యడం మర్చిపోయారేమోనని అడుగుతూనే ఉన్నాడు. ఆయన వేలు పెదవుల మీద పెట్టి, లోపలున్న కూతుర్ని కళ్ళతో చూపించి, "ఆవిడ చెప్పాలి" అంటూనే ఉన్నారు.